అత్తగారికి సరిపోయిన కుర్చీ

మా కుట్టు వర్క్‌షాపులో ఆమెను అందరూ కటింగక్క అనేవారు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చోటది. గుడ్డ కత్తిరించడం ఆమె పని, కాజాలు తీయడం నా పని. ఆమె ఇల్లు కింది అంతస్తులో, మాది సరిగ్గా దాని పైన. అందుకని ఇందులో కొంత నేను చూసింది, కొంత నేల చప్పుడును బట్టి ఊహించుకున్నది, మిగతాది తర్వాత ఆమె చెప్పింది.

కటింగక్క మాటకారి కాదు. కొలతలు తీసేటప్పుడు మాత్రం ఊరుకునేది కాదు. "పిల్లాడు ఎదుగుతాడు, కాస్త వదులుగా కుట్టండి" అనే తల్లులతో రోజూ పేచీయే. "ఎదిగినప్పుడు మళ్ళీ కుట్టించుకోండమ్మా. ఏడాది పొడుగునా వాణ్ణి గోనెసంచిలో ఎందుకు తిప్పడం?" అనేది. తల్లులు మూతి ముడిచేవాళ్ళు, ఓనరు తల పట్టుకునేవాడు. ఆమె మాత్రం అంగుళం కూడా వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం పై అరలోంచి నీలం గుడ్డ తాను దించుతూ నిచ్చెన మీది నుంచి పడింది. నిచ్చెన బాగానే ఉంది. ఎవరూ తగల్లేదు. కాలు జారింది, అంతే. నడుము టేబుల్ అంచుకు కొట్టుకుంది. మేం పరిగెత్తుకెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉంది. "గుడ్డ మురికి కాలేదు కదా?" అని అడిగింది.

ఆస్పత్రిలో డాక్టరు సూదితో పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" నడుము దాకా ఎక్కడా తెలియలేదు. వెన్నుపాము దెబ్బతిందనీ, ఇక నడక కుదరదనీ మెల్లగా, జాగ్రత్తగా చెప్పాడు. "సరేనండీ" అంది. బస్సు వెళ్ళిపోయిందని చెబితే ఎలా అంటామో అలా అంది. స్పర్శ పోయింది నడుము కిందనే అని డాక్టరు రాశాడు గానీ, పైన కూడా ఏదో పోయిందని మాకందరికీ అనిపించింది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే సాయంత్రానికే రావడం. పిల్లలు లేరు. ఇంట్లో మూడో మనిషి ఆమె అత్తగారు. మేం పెద్దమ్మ అనేవాళ్ళం. భారీ మనిషి. మోకాళ్ళు అరిగిపోయి చాలాకాలంగా గుమ్మం దాటింది లేదు. నోరు మాత్రం ఏమీ అరగలేదు. అత్తాకోడళ్ళ మధ్య గొడవల్లేవు, మాటలూ లేవు. "గ్యాసు కట్టేశావా?" "కట్టేశానత్తయ్యా." ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి కబుర్లు అంతకు మించి సాగలేదు.

కోడలు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు పెద్దమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏడవవేమే?"

"రావట్లేదు అత్తయ్యా."

"పోనీ నన్నేడవమంటావా?"

"మీ ఇష్టం."

పెద్దమ్మ వంటింటి వైపు చూసింది. "ఇప్పుడు కాదులే, పొయ్యి మీద పాలున్నాయి" అని కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

తర్వాత వీల్‌చెయిర్ కొనే పని పడింది. వాళ్ళిల్లు చిన్నది. పడకగదిలో మంచం, బీరువా పోగా మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటే మిగులుతుంది. కాబట్టి మడిచి గోడకి ఆనించే కుర్చీయే కావాలి. ఆస్పత్రి వాళ్ళు తాత్కాలికంగా ఇచ్చిన ఇనప కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి భర్త షాపుకి తీసుకెళ్ళాడు. షాపతను ఓపికస్తుడు. మెడలోంచి టేపు తీసి, "ఒకసారి కొలత తీసుకుంటానమ్మా" అని తుంటి దగ్గర అడ్డంగా పట్టాడు. జీవితమంతా జనాన్ని కొలిచిన మనిషి చేతులు ఎత్తి అతనికి వీలిచ్చింది. ఏమీ అనిపించలేదట. టేపు కొస చిరిగి ఉందని మాత్రం చూసిందట.

"మీ బాత్రూం తలుపు వెడల్పెంత సార్?" అని అడిగాడు షాపతను.

భర్త తెల్లమొహం వేశాడు. "మామూలు తలుపేనండీ."

ఆ తలుపు వెడల్పు ఆమెకు తెలుసు. దానికి కర్టెన్ కుట్టింది ఆమే. అయినా నోరు విప్పలేదు. విప్పాలని తోచలేదు.

భర్త వరుసగా ఉన్నవాటిల్లో అన్నిటికన్నా వెడల్పైన దాని మీద చెయ్యి వేశాడు. మెత్తటి సీటు, లావుపాటి చేతులు. "ఇదైతే హాయిగా కూర్చుంటుంది."

"హాయి అనుకుంటాం గానీ సార్, సీటు వదులుగా ఉంటే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతారు. చక్రాలు దూరమైపోయి భుజాలు లాగేస్తాయి. తుంటికి అటూ ఇటూ రెండేసి వేళ్ళ సందుంటే చాలు."

"రేపు కాస్త ఒళ్ళు చేస్తే? కూర్చునే ఉంటుంది కదా, ఒళ్ళు రాకుండా ఉంటుందా?"

షాపతను ఆమె వైపు చూశాడు. ఆమె గోడ మీద వేలాడుతున్న చేతికర్రల్ని చూస్తోంది. "మీరేమంటారమ్మా?" అంటే, "ఆయన చెప్పిందే" అంది. ఎదిగే పిల్లాడికి వదులు చొక్కా కొన్నట్టు ఆ కుర్చీ కొనుక్కుని ఇంటికొచ్చారు.

అది బాత్రూం తలుపులో పట్టలేదు. భర్త ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు, రివర్సులో ప్రయత్నించాడు. రోజూ అంత పొడవు బస్సుని సందుల్లో తిప్పే మనిషి ఆ గుమ్మం ముందు చెమటలు కక్కాడు. చివరికి గుమ్మం దగ్గర ఒక స్టూలు వేసి, కుర్చీలోంచి స్టూలు మీదకి, అక్కణ్ణించి లోపలికి ఎత్తి దించడం అలవాటు చేసుకున్నారు. ఆయన లేనప్పుడు ఆ పని నాదో, ఎదురింటావిడదో. కటింగక్క ఎవర్నీ విసుక్కోలేదు, ఎవరికీ దండం పెట్టలేదు. మూటని ఎత్తినట్టు ఎత్తనిచ్చేది.

ఆ కుర్చీలో నిజంగానే ఎడమవైపుకి ఒరిగిపోయేది. పక్కన దిండు కుక్కేవాళ్ళం. చక్రాలు తిప్పాలంటే మోచేతులు కోడి రెక్కల్లా బయటికి చాచాలి. వారం వారం వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి, "కొలత కుదరలేదండీ, మార్పించుకోండి" అని చెప్తూనే ఉండేది. "చూద్దాం" అనేది కటింగక్క. రాను రాను దిగడమే మానేసి మంచం మీదే ఉండిపోయింది. నేను పలకరించడానికి వెళ్తే కిటికీ వైపు తిరిగి, "వర్క్‌షాపులో అందరూ బాగున్నారా?" అనేది. నేను చెప్పేది వినేది కాదు.

ఖాళీగా ఉన్న కుర్చీలో పెద్దమ్మ కూర్చోవడం మొదలెట్టింది.

మొదట కూరగాయలు తరుక్కోడానికి. తర్వాత టీ తాగడానికి. ఆ తర్వాత కునుకు తీయడానికి. సీటు ఆమెకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. "మావాడు పెళ్ళానికి కొన్నానంటాడు గానీ, కొలత నాదే పెట్టుకున్నట్టున్నాడు వెధవ" అనేది. మడవడం కూడా తనే నేర్చుకుంది. పాదాల పలకలు రెండూ పైకెత్తి, సీటు మధ్యలో ఉన్న పట్టీ పట్టి పైకి లాగితే కుర్చీ రెండు వైపుల నుంచీ దగ్గరికొచ్చి మూసుకుంటుంది. విప్పేటప్పుడు సీటు అంచుల మీద అరచేతులతో నొక్కాలి, వేళ్ళు కిందికి పెట్టకూడదు. పెద్దమ్మ వేళ్ళు కిందికి పెట్టింది. ఆ కేక మా ఇంటిదాకా వినపడింది.

దానికన్నా పెద్ద చప్పుడు ఇంకోటి విన్నాను. ఆ రోజు వర్క్‌షాపుకి సెలవు. నేను బట్టలు మడతేసుకుంటుంటే కింద ధబ్బుమని ఏదో పడింది. పరుగెత్తుకుంటూ కిందికి వెళ్ళాను.

జరిగింది ఇది. మంచం పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ లేవబోతూ పాదాల పలకల మీద రెండు కాళ్ళూ మోపి బరువంతా వేసింది. అలా చెయ్యకూడదని ఫిజియో అమ్మాయి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది కూడా. కుర్చీ ముందుకి తిరగబడింది. పెద్దమ్మ ఎగిరి మంచం మీద, సరిగ్గా కోడలికి అడ్డంగా బోర్లా పడింది. ఆమె లేవాలంటే మోకాళ్ళు సహకరించాలి. కోడలు లేపాలంటే నడుము సహకరించాలి. రెండూ లేవు. ఇద్దరూ అలా అడ్డంగా నిలువుగా ఉండిపోయారు.

"దెబ్బ తగిలిందా?" అంది పెద్దమ్మ, దుప్పట్లోకి.

"నాకు తెలీదు కదత్తయ్యా. మీరు పడింది నా కాళ్ళ మీద."

"అదీ నిజమే." తల కాస్త పక్కకి తిప్పి, "ఈ కుర్చీ నీకు పెద్దదని కొనేటప్పుడు తెలీలేదే?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం? ఇన్నేళ్ళూ టేపు మెళ్ళో వేసుకు తిరిగావు. ఊళ్ళో పిల్లలందరి నడుం కొలతలూ నీకు నోటికొచ్చు."

"ఎవరూ గట్టిగా అడగలేదు."

"ఇప్పుడు నేనడుగుతున్నా. గట్టిగానే అడుగుతున్నా. నీ కొలతెంతో చెప్పు."

నేను గుమ్మంలోకి వచ్చేసరికి కటింగక్క పైకప్పు వైపు చూస్తూ చెప్తోంది. తుంటి ఎంత, తొడ పొడవెంత, మోకాలి నుంచి మడమ దాకా ఎంత, బాత్రూం తలుపెంత. గొంతులో ఏమీ లేదు. రేడియోలో వాతావరణం చదివినట్టు చెప్పుకుపోతోంది. పెద్దమ్మ కోడలి కాళ్ళ మీద బోర్లా పడే "ఊఁ, ఊఁ" అంటోంది.

"ఏయ్ కాజాల పిల్లా, నవ్వింది చాలు, ముందు నన్ను లేపు" అంది నన్ను చూసి. నేను నవ్వుతున్నాననే నాకు తెలీలేదు. కటింగక్క నోరు కూడా తెరుచుకుని ఉంది. అది నవ్వేనా అని తర్వాతెప్పుడో అడిగితే, "ఏమో, ఊపిరాడక అనుకుంటా" అంది.

రెండోసారి షాపుకి పెద్దమ్మ కూడా బయల్దేరింది. షాపు పక్క వీధిలోనే. వెడల్పాటి కుర్చీలో కోడలు కూర్చుంటే, పెద్దమ్మ వెనక పిడుల మీద బరువంతా ఆన్చి తోస్తూ నడిచింది. అప్పుడు తెలిసింది, ఆ పిడులు పట్టుకుంటే ఆమె మోకాళ్ళు నడుస్తాయని. చూసేవాళ్ళకి అత్త కోడల్ని తీసుకెళ్తున్నట్టుంది. పక్కన నడుస్తున్న నాకు ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారో అర్థం కాలేదు.

షాపతను సన్నటి కుర్చీలు రెండు తీశాడు. ఒకదానికి నాలుగూ చిన్న చక్రాలే. "ఇది చాలా తేలికండీ. తోసేవాళ్ళుంటే ఇదే మేలు" అని పెద్దమ్మతో అన్నాడు.

"నన్నెందుకు చూస్తావు బాబూ? కూర్చునేది ఆవిడ."

"పెద్ద చక్రాలదే కావాలి" అంది కటింగక్క. "కుర్చీ చేతులు పక్కకి తొలగేది. లేకపోతే టేబుల్ కిందికి వెళ్ళదు." కుర్చీలో కూర్చుని తుంటి పక్కన రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది. మళ్ళీ వెడల్పాటి కుర్చీలోకి మారి, దాన్ని మడిపించి, తన ఒళ్ళో పెట్టించుకుని బరువు చూసుకుంది. బ్రేకులు వేసి ఒకసారి గట్టిగా ఊపింది. ఒక బ్రేకు వదులుగా ఉంటే షాపతను రెంచీ తెచ్చి బిగించాడు. బాగుందా అని భర్త సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే "సరిపోయింది" అంది. బాగుంది అనలేదు.

పాతది వాపసిచ్చేద్దామన్నాడు భర్త. "నా కుర్చీ జోలికొస్తే ఊరుకోను" అంది పెద్దమ్మ.

ఆ తర్వాత మా వీధి వాళ్ళకి రోజూ ఒక దృశ్యం కనపడేది. ముందు కటింగక్క తన చక్రాలు తనే తిప్పుకుంటూ, వెనక పెద్దమ్మ ఖాళీ కుర్చీని తోసుకుంటూ. ఖాళీ కుర్చీలో కూరల సంచి. అలుపొస్తే సంచి ఒళ్ళోకి తీసుకుని పెద్దమ్మ అందులోనే కూర్చునేది. పేవ్‌మెంటు దిగాల్సి వస్తే కటింగక్క వెనక్కి తిరిగి, పెద్ద చక్రాలు ముందు దించుకునేది. వానలో చక్రాలు తడిసి అరచేతులు జారేవి, తోలు తొడుగులు కుట్టుకుంది. అడక్కుండా వచ్చి తోసేవాళ్ళని పెద్దమ్మ కసిరేది. కోడలు ఎవర్నీ ఏమీ అనేది కాదు. వర్క్‌షాపులో ఓనరు ఒక కటింగ్ టేబుల్‌కి కాళ్ళు కోయించి ఎత్తు తగ్గించాడు. ఆమె మళ్ళీ పనిలోకి వచ్చింది. కత్తెర ఎప్పట్లాగే నడిచేది. తల్లులతో మాత్రం పేచీ లేదు. వదులుగా అంటే వదులుగా కత్తిరించేది.

పెద్దమ్మ ఆ చలికాలం జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు. కొడుకు డ్యూటీలో ఉండగానే పోయింది. కటింగక్క మంచానికి దగ్గరగా కుర్చీ పెట్టుకుని, బ్రేకులు వేసుకుని కూర్చుని ఉంది. అప్పుడూ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి చోటు చాలడం లేదని, వెడల్పాటి కుర్చీ సీటు పట్టీ పట్టి లాగి, మడిచి, గోడకి ఆనించింది.

కొన్నాళ్ళకి ఆ కుర్చీ ఇస్తారా అని ఎవరో అడిగారు. "ఎవరికి? మనిషి ఎలా ఉంటారు?" అంది. సన్నటి ముసలాయనకని చెబితే ఇవ్వలేదు. వాళ్ళు నొచ్చుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఒక బేకరీ ఆయన తన తల్లి కోసం వచ్చాడు. ఆవిణ్ణి తీసుకురమ్మని, కూర్చోబెట్టి, పక్కన వేళ్ళు దూర్చి చూసి అప్పుడిచ్చింది. "పలకల మీద నిలబడొద్దండి" అని ఒక్కటే జాగ్రత్త చెప్పింది.

ఒక ఆదివారం భర్త ఆమెను తన బస్సులో ఎక్కించుకున్నాడు. చక్రాల కుర్చీకి వదిలిన చోట బ్రేకులు వేసుకుని, కిటికీ పక్కన కూర్చుంది. దుకాణాలు, వంతెన, ఫ్యాక్టరీ గోడలు పోతున్నాయి. చూస్తోంది, అంతే. చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. ఆయన ఇంజను ఆపి వచ్చి, ఆమె ఎదురుగా బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మ ఒక్కసారైనా నా బస్సు ఎక్కలేదు" అన్నాడు. అని, తల వంచుకుని ఏడవడం మొదలెట్టాడు. పెద్ద చప్పుడేం లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆమెకి ఏం చెయ్యాలో తెలియలేదు. తర్వాత బ్రేకులు తీసి ఒక చక్రం తిప్పి దగ్గరికి జరిగి, ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఎండలో డ్రైవింగ్ చేసి వచ్చిన తల. వేడిగా ఉంది, జుట్టు తడిగా ఉంది.

"వేడి చేతికి బాగా తెలిసిందే" అంది తర్వాత నాతో, అదేదో వింత అన్నట్టు. "చాలాసేపు చెయ్యి తియ్యలేదు."

అంతలో బస్సు బయల్దేరే వేళైంది. ఎక్కేవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఆమె మళ్ళీ బ్రేకులు వేసుకుంది.