నాయన చెవికి కుదిరిన ఫోను

ఆత్మకూరులో బస్టాండుకు కాస్త ఎడంగా మాకు పశువుల మందుల షాపు ఉంది. కడుపులో పురుగులు పోయే నట్టల మందులు, దాణా, ఈగలు వాలకుండా పుండ్ల మీద చల్లే మందులు, తల్లి పోయిన గొర్రెపిల్లలకు పాలు పట్టే సీసాలు, ఇలాంటివి అమ్ముతాం. షాపు మా నాయన పెట్టింది. ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఉదయగిరిలో రెండో షాపు మా అన్న చూసుకుంటాడు.

పాత రోజుల్లో కౌంటరు మీద ల్యాండులైను ఫోను ఉండేది. అది మోగితే నాయన తప్ప ఇంకెవరూ ఎత్తేవాళ్లు కాదు. మర్రిపాడు నుంచి, కొండాపురం నుంచి, ఇంకా పైన సీతారామపురం నుంచి జీవాలోళ్లు చేసేవాళ్లు. గొర్రెల్నీ మేకల్నీ మా వైపు జీవాలనే అంటారు. "ఏ గొర్రెకు, ఎప్పటినుంచి, మేత తింటుండాదా" అని నాయన రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అడుగుతూ, రెండు చేతులతో మందులు కట్టేస్తుండేవాడు. తర్వాత ఆ లైను చెడిపోయింది. అప్పటికే అందరి చేతుల్లోకి సెల్లులు వచ్చాయి కనుక మేమూ బాగు చేయించుకోలేదు.

సెల్లు నాయనకు కుదరలేదు. అప్పటికే చెవులు మందగించాయి. ఆ పలుచటి అద్దం ముక్కను చెవి మీద ఎక్కడ ఆనించాలో తెలియక చెంపకు ఒకసారి, కణతకు ఒకసారి పెట్టుకునేవాడు. చెవి మిషను కొనిచ్చాం. అది ఈల వేస్తోందని తీసి సొరుగులో పడేశాడు. "హలో, హలో" అని రెండు సార్లు అని ఫోను పక్కవాళ్ల చేతికి ఇచ్చేయడం అలవాటైంది. పోనుపోను షాపుకు రావడమే తగ్గించాడు. పొద్దున తలుపులు తీసేటప్పుడు వచ్చి, కౌంటరు ముందు నిలబడి ప్రార్థన చేసి, ఇంటికెళ్లి వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ ఆయన్ని వద్దనలేదు. ఆయనే తప్పుకున్నాడు.

ఇక ఫోన్ల సంగతి మాకూ చిక్కుగానే ఉండేది. షాపు బోర్డు మీద ఉన్నది అన్న సెల్లు నంబరు. అన్న దాణా వేసుకుని సీతారామపురం కొండల్లోకి పోతే సిగ్నల్ ఉండదు. అప్పుడు జనం నాకు చేస్తారు. నేను ఇంకొకరితో మాట్లాడుతుంటే మా వదినకు చేస్తారు. ఒకసారి కొండాపురం ఆయన నట్టల మందు డబ్బాలు అడిగితే, అన్న పంపాడనుకుని నేను, నేను పంపాననుకుని అన్న ఊరుకున్నాం. అదే రోజు మర్రిపాడు ఆయనకు మాత్రం ఇద్దరం పంపాం. కొండాపురం ఆయన స్వయంగా బస్సెక్కి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"మీ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరా ఏందమ్మా?" అన్నాడు.

డబ్బాలు కట్టిచ్చి ఆయన్ని తిరుగు బస్సెక్కించాను. ఆ సాయంత్రమే నేనూ అన్నా కూర్చుని, రెండు షాపులకూ కలిపి ఒకటే నంబరు ఉండాలని తేల్చుకున్నాం.

ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టే ఆయన నెల్లూరు నుంచి వచ్చాడు. బిల్లింగు కంప్యూటరు కోసం రెండు చోట్లా ఫైబర్ లైను ఎటూ ఉంది. దానికే ఫోన్లు తగిలిస్తే చాలన్నాడు. ఒక నంబరుకు చేస్తే ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ మోగుతుంది, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తొచ్చు. ఇక్కడికి వచ్చిన కాల్‌ను అక్కడికి మళ్లించొచ్చు. మా ఇద్దరి మధ్య అయితే మూడంకెలు నొక్కితే సరిపోతుంది. కరెంటు పోయినా కంప్యూటరుకున్న యూపీఎస్‌తో కాసేపు నడుస్తుంది. ఇదంతా చెప్పి, మూడు రకాల ఫోన్లు కౌంటరు మీద పరిచాడు.

ఒకటి పెద్దది. రంగుల తెర, దాని నెత్తిన కెమెరా. రెండోది మామూలు నల్ల ఫోను. పెద్ద పెద్ద బటన్లు, బరువైన రిసీవరు, చూడటానికి మా పాత ల్యాండులైనుకు తమ్ముడిలా ఉంది. మూడోది తీగ లేనిది, చేతిలో పట్టుకుని గోడౌను దాకా తిరగొచ్చు.

"వారం రోజులు వాడి చూడండి మేడం, ఏది నచ్చితే అది పెడతాను" అని, బోర్డు మీది నంబరుకు వచ్చే కాల్సన్నీ వీటికి మళ్లేలా చేసి వెళ్లాడు.

అన్నకు తొలిచూపులోనే పెద్దది నచ్చింది. దాన్ని ఉదయగిరికి పట్టుకుపోతానన్నాడు.

"దీంట్లో మనిషి కనపడతాడు మే" అన్నాడు నాతో.

"ఎదుటోళ్ల దగ్గర కూడా ఇట్టాంటిదే ఉంటేనే కదన్నా కనపడేది. జీవాలోళ్లు జబ్బు చూపించాలంటే సెల్లులో ఫోటో తీసి పంపిస్తానే ఉండారు."

"షాపుకు ఒక కళ ఉంటాదని అంటుండా" అన్నాడు. కళ గురించి వాదించి లాభం లేదు. నా మనసు మాత్రం తీగ లేని దాని మీద ఉంది. గోడౌనులో దాణా మూటలు లెక్క చూసుకుంటున్నప్పుడే ఫోను మోగుతుంది మాకు.

ఆ నెల్లూరు ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఫోను చేసినవాళ్లకు ముందు ఒక గొంతు పలకాలని నా చేత రికార్డు చేయించాడు. నేను గొంతు సవరించుకుని, "నమస్కారం. మందుల కొరకు ఒకటి నొక్కండి. దాణా కొరకు రెండు నొక్కండి. ఇతర వివరాల కొరకు దయచేసి వేచి ఉండండి" అని చదివాను. విన్నప్పుడు నాకే ముచ్చటేసింది. రెండు రోజులు గడిచేసరికి, మర్రిపాడు అవతల మేకలు మేపుకునే ఒక అవ్వ షాపుకొచ్చి నన్ను పట్టుకుంది.

"నిన్న నీకు ఫోను చేసినా. నా మేకకు పొదుగు వాచినాది తల్లీ అని చెప్తానే ఉండా. నువ్వు ఇనిపించుకోవే. నీ పాటికి నువ్వు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటావు. నేనేం నొక్కేది?"

"అది నేను కాదవ్వా, మిషను."

"నీ గొంతు నాకు తెలవదా?"

అవ్వకు మందిచ్చి పంపి, ఆ రికార్డింగు తీసేయించాను. ఫోను చేస్తే తిన్నగా మనిషే పలకాలని మాకు అలా తెలిసింది.

ఆ మర్నాడు పొద్దున నాయన ఎప్పటిలాగే ప్రార్థనకు వచ్చాడు. నేను వెనక గోడౌనులో ఉన్నాను. కౌంటరు మీద నల్ల ఫోను మోగింది. పాత అలవాటు కొద్దీ ఆయన చెయ్యి చాచి ఎత్తేశాడు. "హలో" అన్నాడు. రెండో హలో వినపడుతుందనీ, ఆ వెంటనే నన్ను పిలుస్తాడనీ అనుకుని, చేతిలో సంచి దించి పరుగున వచ్చాను. పిలవలేదు.

"నువ్వా. ఏందిరా, గొంతు ఇంత దగ్గరగా ఉండాది? యాడుండావు?"

అవతల ఉన్నది అన్న. ఉదయగిరిలో ఉన్నానని చెప్పాడు కాబోలు.

"ఉదయగిరిలోనా? పక్కనుండి మాట్లాడినట్టుండాది. తిన్నావా? బిడ్డలు బడికి పోయినారా? ఆ చిన్నోడికి దగ్గు తగ్గిందా?"

మనవడికి దగ్గు వచ్చి తగ్గి చాలా రోజులైంది. అప్పుడు అడగాలనుకున్నది ఆయన ఇప్పుడు అడుగుతున్నాడు. రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఎప్పుడు ఇరికిందో తెలియదు, ఖాళీగా ఉన్న చేతులు కౌంటరు మీది సీసాలను వరసగా సర్దుతున్నాయి. నేను గోడౌను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

ఇక ఆ రోజు నాయన ఇంటికి వెళ్లలేదు. ఫోన్ల సంగతి తేల్చే పని తన మీద వేసుకున్నాడు. సంతలో ఎద్దును చూసినట్టు ఒక్కొక్క ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆదివారం షాపులకు సెలవు గనుక, చర్చి అయ్యాక అన్న పెద్ద ఫోను తీసుకుని, వదినతో కలిసి ఆత్మకూరుకు వచ్చాడు. మూడింటినీ కౌంటరు మీద పెట్టాం. అన్న బయట మెట్ల మీద కూర్చుని సెల్లు నుంచి ఒక్కోదానికి చేసి, మందుల డబ్బాల మీది పేర్లు చదివాడు. నాయన విన్నది పైకి చెప్పాలి.

తీగ లేని దానిలో అన్న "దాణా మూట" అంటే నాయన "దానిమ్మ తోట" అన్నాడు. పెద్ద ఫోను స్పీకరులో "అర లీటరు" అంటే "అల్లీపురమా, అల్లీపురంలో ఎవురుండారురా మనకు?" అని అడిగాడు. వదిన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. నల్ల ఫోనులో మాత్రం అన్న చదివినవన్నీ వరసగా అప్పజెప్పాడు. చివర్లో అన్న గొణుక్కున్నది కూడా అప్పజెప్పాడు.

"ఈయన నా పెద్ద ఫోనును ఉండనిచ్చేట్టు లేడు అంటుండావు గదరా?"

అన్న మెట్ల మీద నుంచి లేచి వచ్చాడు. "నీ చెవికి ఇది బాగుండాది నాయనా, కాదనను. నీ కౌంటరు మీద ఇదే పెట్టుకో. నా షాపులో మాత్రం పెద్దదే ఉంటాది" అని దాన్ని పట్టుకుని ఉదయగిరికి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నల్ల ఫోను మోగింది. అప్పుడే కరెంటు పోయింది, యూపీఎస్ కూస్తోంది. నాయన ఎత్తాడు. మర్రిపాడు పైన జీవాలు మేపుకునే ఆయన. వాన పడిన పచ్చి అలసంద చేలో మంద పడి మేసేసిందట. కడుపులు డప్పుల్లా ఉబ్బి, కొన్ని పడిపోయాయట. పశువుల ఆసుపత్రికి మనిషిని పంపానని, ఈలోగా ఏం చేయాలో తెలియడం లేదని చెబుతున్నాడు.

"భయపడబాక. ఫోను పెట్టేయబాక, ఉండు" అని నాయన నా వైపు చూశాడు. "పాపా, డాక్టరు గారు అన్న షాపులో ఉంటాడు ఈ పూట. ఆయన్ని కలుపు."

రిటైరైన పశువుల డాక్టరు గారు ఒకరు మధ్యాహ్నాలు ఉదయగిరి షాపులో కూర్చుంటారు. నేను మూడంకెలు నొక్కి ముగ్గురినీ ఒకే లైనులోకి తెచ్చాను. అక్కడ అన్న పెద్ద ఫోను స్పీకరు పెట్టాడు. షాపు ముందు లారీల హారన్లు, లోపల ఫ్యాను చప్పుడు, వాటి మధ్య డాక్టరు గారి మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. గొర్రెలాయనకు ఏమీ అర్థం కాలేదు. "ఏంది సార్, ఏంది సార్" అంటున్నాడు. ఈయన మాట డాక్టరు గారికీ అందడం లేదు.

"డాక్టరు గారూ, ఆ టీవీ ఫోను ముందర నుంచి లేచి రిసీవరు ఎత్తుకోండి" అన్నాడు నాయన గట్టిగా.

ఎత్తుకున్నాక మాట తేటగా వచ్చింది. డాక్టరు గారు తొందర లేకుండా ఒక్కొక్కటే అడిగారు. పడిపోయిన వాటిని లేపి, ముందు కాళ్లు ఎత్తులో ఉండేలా మిట్ట మీద నిలబెట్టమన్నారు. వంటకు వాడే మంచి నూనె ఎంత తాపాలో, పొరబోకుండా ఎలా తాపాలో చెప్పారు. కొండగాలికి గొర్రెలాయన చెవికి అందని ప్రతి మాటనూ నాయన మధ్యలో మళ్లీ చెప్పాడు. ఇంకో వైపు నా చేత డాక్టరు గారు చెప్పిన మందు సీసాలు కట్టించాడు. బద్వేలు బస్సు డ్రైవరు మాకు తెలిసినవాడే. సీసాలు అతని చేతికిచ్చి, మర్రిపాడు దాటాక రోడ్డు మీద ఎదురుచూసే మనిషికి అందించమన్నాను. నేను తిరిగొచ్చేసరికి కూడా నాయన లైనులోనే ఉన్నాడు. ఆ మనిషి ఒంటరిగా లేడని తెలియాలని కాబోలు, గొర్రె వెంబడి గొర్రె సంగతి అడుగుతున్నాడు.

పొద్దు గూకే వేళకు ఆయనే ఫోను చేశాడు. "లేచినాయి పెద్దాయనా. ఆసుపత్రి నుంచి కూడా వచ్చి చూసినారు. ఒక్క ముసలి గొర్రె పోయింది. మిగతావి నెమరేస్తుండాయి." నాయన సరే సరే అని రిసీవరు పెట్టేసి, చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

ఆ రాత్రే అన్న తనంతట తానే చెప్పాడు. "నెల్లూరాయన్ని రమ్మను. నాకూ ఆ నల్లదే ఇయ్యమను. అది మాట్లాడేదానికి చేసినారు, ఇది చూసేదానికి చేసినారు." గోడౌను కోసం తీగ లేనిది ఒకటి ఉంచుకుంటానంటే నన్ను ఎవరూ కాదనలేదు.

ఫోన్లు బిగించే రోజు నాయన నెల్లూరు ఆయన్ని ఆగమని, కౌంటరు మీద చెయ్యి పెట్టి తల వంచాడు. "ప్రభువా, ఆపదలో ఉన్నోళ్ల మాట మాకు ఇనపడనీ. మా మాట వాళ్లకు మేలు చేయనీ" అన్నాడు. నెల్లూరు ఆయనకు మా ప్రార్థనలు అలవాటు లేవేమో, స్క్రూడ్రైవరు రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆమెన్ అందరికంటే ముందే అనేశాడు.

ఇప్పుడు షాపు తెరిచేది నాయనే. ఉదయగిరికి మూడంకెలు నొక్కితే డబ్బు పడదని తెలిసినప్పటి నుంచి పొద్దున్నే అన్నకు చేస్తాడు. ఇన్నేళ్లూ ఎదురుపడితే చేతి సైగలతో "తిన్నావా" అనుకుని ఊరుకున్న ఇద్దరూ ఇప్పుడు తీరిగ్గా పోట్లాడుకుంటున్నారు. మొన్న దాణా ఏ మిల్లు నుంచి తెప్పించాలనే విషయంలో గొంతులు బాగా లేచాయి. కౌంటరు ముందు ఒకాయన మందు చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాయన రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టి, "కాసేపు కూచోబ్బా, నా కొడుకుతో మాట్లాడుతుండా" అని ఆయనకు స్టూలు చూపించాడు. ఆ చీటీ నేనే అందుకుని మందులు ఇచ్చాను.