అవ్వ శోకం, తమ్ముడి దరువు

మా తమ్ముడు పాటగాడు. పాట కట్టేదీ అతడే, పాడేదీ అతడే, ఇబ్రహీంపట్నంలో టైర్ల దుకాణం మీది గదిలో రికార్డు చేసి యూట్యూబ్‌లో వదిలేదీ అతడే. చిన్నప్పుడు చర్చిలో కంజిర కొడుతూ పాడేవాడు. గొంతు బాగుండేది, కాదనను. ఇప్పుడు గొంతు తక్కువ, దరువు ఎక్కువ.

అవ్వ, అంటే మా అమ్మ, చనిపోయిన రోజు నేను శోకం పెట్టాను. మా ఆడవాళ్లం పోయిన మనిషి బతుకంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తాం. కూలికి పోయిన చేన్లు, తిన్న దెబ్బలు, పెంచిన మేకలు, అన్నీ అందులో వస్తాయి. ఒకరి కోసం ఏడ్చింది మళ్లీ ఎవరూ పాడరు. అది మట్టితోపాటే పోవాలి. నేను అవ్వ కాళ్ల దగ్గర ఏడుస్తుంటే తమ్ముడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఫొటో తీస్తున్నాడనుకున్నాను.

ఏడాది తిరగకముందే కందుకూరులో ఒక పెళ్లికి పోయాను. రాత్రి ఊరేగింపు, బరాత్‌లో డీజే పెట్టారు. "నాట్లేసి వంగిన నడుమే అవ్వా..." అని వినిపించింది. నా గొంతే. దాని కింద దడదడమని దరువు. పెళ్లికొడుకు దోస్తులు చొక్కాలు విప్పి ఎగురుతున్నారు.

"మస్తున్నది పాట! నువ్ ఎగురవా అక్కా?" అంది పక్కనున్న ఆమె.

అన్నం ముట్టకుండా బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి గదికి పోయాను. నేను అక్షరాలు నేర్చింది ముసలితనంలో, మనవరాలి పలక మీద. కంప్యూటర్‌లో ఆ పాట పేరు కూడబలుక్కుని చదివి, దాని మీద వేలు పెట్టాను.

"గిది తీసెయ్."

"జనం నెత్తిన పెట్టుకున్నరక్కా. నన్ను నిలబెట్టిందే గిది. ఎట్ల తీస్త?"

"అవ్వ శవం మీద నిలబడ్డవ్‌రా నువ్వు."

"నీకు పాటల ముచ్చట తెల్వది. సరే, గట్లనే ఇంకొకటి పాడు. ఆ కొత్త పాట వదిలిననాడు గిది తీసేస్త. ఒట్టు."

సరేనన్నాను. తమ్ముడు చెవులకు డబ్బాలు తగిలించుకుని అద్దం అవతల కూర్చున్నాడు. నేను మైకు ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం ఎత్తాను.

"కంజిర కొట్టిన చేతులే తమ్ముడా... అవ్వ పాడె ముందట ఫోను పట్టినయే తమ్ముడా..."

మొదట తాళానికి తల ఆడించాడు. తర్వాత తల ఆగిపోయింది. బతికున్న మనిషి మీద శోకం పెడితే ఎంత అరిష్టమో మా ఇళ్లలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బాలు విసిరికొట్టి లోపలికి ఉరికొచ్చాడు.

"ఆపక్కా! బతికుండంగనే చంపుతున్నవా నన్ను?"

"శోకంల ఇంకా నీ పెండ్లి కాడికి రాలే. కూసో."

నా కళ్ల ముందే పాట తీసేశాడు. నిజంగా పోయిందో లేదో పైనుంచి కిందిదాకా చదువుకుని మరీ లేచాను.

సాయంత్రం మరదలు మా వాకిట్లో నిలబడి, "నీ నోట్ల మన్ను వడ" అని తిట్టింది. తిట్టనీ. పాట డీజేల దగ్గర ఇంకా ఉంది. మొన్న మా ఊరి బరాత్‌లో మోగితే తమ్ముడే పరుగున పోయి ఆపించాడట. సిగ్గుతోనో, నా శోకం తగులుతుందన్న భయంతోనో నాకు అనవసరం. ఆపాడు. నా గడప మాత్రం తొక్కొద్దు.