మేస్త్రీ కొట్టిన ఇనుప చీలలు

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉలీ సుత్తీ తప్ప ఇంకొకటి పట్టని వడ్రంగి మేస్త్రీకి, ఆ చుట్టుపక్కల చెక్క చట్రం మీద నిలిచిన పాత ఇళ్లన్నీ సొంత చుట్టాలే. ఏ ఇంటికి కీళ్లనొప్పులు మొదలయ్యాయో దారిన పోతూనే చెప్పేస్తాడు. గర్వం కాస్త ఎక్కువే. అంత పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం ఉండకపోతే ఎలా?

ఒకరోజు ఆ దగ్గర్లోని రైతమ్మ ఒకామె కబురు పెట్టింది. తాతల నాటి ఇల్లు ఒక మూల జానెడు కుంగింది. ఇంజనీరు చూసి, కూల్చేయమని చెప్పి పోయాడట. మేస్త్రీ, ఆయనతోపాటే పనిచేసే కూతురూ వెళ్లి గోడ మట్టి రాల్చి చూశారు. మూల స్తంభం అడుగుభాగం పిండిలా రాలింది. మధ్యలో తుప్పుపట్టిన ఇనుప చీల.

"ఏ బుద్ధిలేనోడు కొట్టాడు నాన్నా దీన్ని?" అంది కూతురు.

ఇలాంటి ఇళ్లను పచ్చి కలపతో కట్టి, అతుకుల్లో ఎండు కర్ర చీలలు దిగ్గొడతారు. రెండు చెక్కల బెజ్జాలూ సూటిగా కలవకుండా, కావాలనే ఒకదాన్ని కాస్త పక్కకి తొలుస్తారు. చీల వంగుతూ దిగి అతుకును దగ్గరికి లాగుతుంది. అదే ఇనుమైతే తేమ పట్టి చుట్టూ ఉన్న చెక్కను తినేస్తుంది. ఇదంతా ఆమెకు నేర్పింది ఆయనే.

మేస్త్రీ ఆ చీలను గుర్తుపట్టాడు. చచ్చిపోయిన ఏ వడ్రంగి మీదకో నెట్టేస్తే అడిగే దిక్కు లేదు. కానీ మిగతా చీలల సంగతో?

"నేనే," అన్నాడు రైతమ్మ వైపు తిరిగి. "పెళ్లైన కొత్తలో, ఈ ఇంటికి మరమ్మతు చేసినప్పుడు. మా నాన్న వద్దంటున్నా వినలేదు. పని తొందరగా తెమిలితే చాలనుకున్నా. సిగ్గుగా ఉందమ్మా."

రైతమ్మ ఎగాదిగా చూసింది. "ఎన్ని కొట్టావు?"

"నాలుగు. ఎక్కడెక్కడున్నాయో కళ్లు మూసుకుని చూపిస్తా."

"ఇంజనీరుకి అదీ తెలీదు. కొట్టినోడివి నువ్వే పీకు."

మూడు వారాల్లో చీలలు ఊడొచ్చాయి, కుళ్లిన చోట్ల కొత్త కలప అతుక్కుంది, కుంగిన మూల పైకి లేచింది. ఇల్లు దర్జాగా నిలబడింది.

"ఇంకెన్ని ఇళ్లలో కొట్టావు నాన్నా?" అంది కూతురు, పనిముట్లు సర్దుతూ.

"మూడు."

మర్నాడు పొద్దున్నే, ఎవరూ పిలవకుండానే, మేస్త్రీ ఒక ఇంటి తలుపు తట్టాడు. "మీ ఇల్లు పాడుచేసింది నేనే. బాగుచేసి పోదామని వచ్చా," అన్నాడు.