చెయ్యి సాగదు

మా పెద్దమ్మను వీధిలో ఎవరూ పేరుతో పిలవరు. జానమ్మ అంటారు. ఆమె దర్జీ, మా ఇంటి ముందు గదే ఆమె షాపు. టేపు ముట్టుకోదు. చెయ్యి బార్లా చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా, మనిషినైనా గుడ్డనైనా జానలతో కొలుస్తుంది. మిగిలిన కాస్తా వేళ్ళతో. ఎవరైనా నవ్వితే, "టేపు సాగుతుందమ్మా, చెయ్యి సాగదు" అంటుంది.

ఒకసారి కొలిచిన మనిషిని మళ్ళీ కొలవదు. బేకరీ ఆవిడ నడుము నాలుగు జానల రెండు వేళ్ళు, పోస్టుమాన్ భుజాలు రెండు జానలు. అంతా నోటికే.

కొన్నాళ్ళుగా పాతవాళ్ళ బట్టలు వదులుగా వస్తున్నాయి. "సన్నబడ్డారు మీరు" అనేది పెద్దమ్మ. ఆ మాట కాదనేవాళ్ళెవరు? ఆడా మగా అందరూ మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు. బేకరీ ఆవిడ ఒక్కతే గౌను తెచ్చి బల్ల మీద పడేసింది.

"జానమ్మా, ఇందులో నేనూ మా ఆయనా ఇద్దరం పడతాం."

"సన్నబడ్డావు. సంతోషించక ఈ గొడవేంటి?"

"ఎక్కడ సన్నబడ్డాను? పిండి తూచే కాటా ఎక్కి చూసుకున్నా, ముల్లు కాస్త కూడా వెనక్కి రాలేదు. నీ చేతిలోనే ఏదో తేడా ఉంది."

"ఇన్నేళ్ళ చేతిని అంటావా? ముందు నీ కాటా బాగు చేయించుకో!"

ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. బట్టల మూటల వెనక కూర్చుని చదువుకుంటున్న నాకు ఒక సంగతి తట్టింది. ఆ ఉదయమే ఒక కొత్త టీచరు కోటు తీసుకెళ్ళింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"పెద్దమ్మా, కొత్తవాళ్ళవి బాగానే కుదురుతున్నాయి కదా. పాతవాళ్ళవే ఎందుకు వదులవుతున్నాయి?"

"ఏమోనే. పాతవాళ్ళందరూ కూడబలుక్కుని తిండి మానేశారేమో."

కత్తిరింపు బల్ల అంచున మేకుతో గీసిన రెండు గీతలున్నాయి. పని నేర్చుకునే రోజుల్లో ఆమె గురువు చెయ్యి చాపించి గీసిన జాన అది. దాని మీద ఒకసారి చెయ్యి పెట్టమన్నాను.

"నాకే పరీక్షా?" అని నవ్వుతూ చిటికెనవేలిని ఒక గీత మీద ఆనించి చెయ్యి చాపింది.

బొటనవేలు రెండో గీత దాటి పోయింది. చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ దాటింది.

"బల్ల కుంచించుకుపోయిందే" అంది మెల్లగా.

నేను బల్లను చూడటం లేదు. ఆ చేతిని చూస్తున్నాను. తర్వాత తలెత్తి ఆమె మొహం చూశాను. ఈ ముక్కు ఎప్పుడింత వెడల్పయింది? కింది దవడ ఎప్పుడు ముందుకొచ్చింది? ముందు పళ్ళ మధ్య ఈ సందు ఎప్పటిది? పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాను.

ఉంగరం కోయించాల్సి వచ్చినప్పుడు వేడికి వేలు వాచిందనుకున్నాం. చెప్పులు పట్టకపోతే ఇప్పటి కంపెనీలు నంబర్లు తప్పేస్తున్నాయని తిట్టుకున్నాం. పాత కత్తెర పిడిలో వేళ్ళు దూరకపోతే కొత్తది కొనుక్కుంది. గొంతు బొంగురుపోతే జలుబన్నాం. "అక్కా, నీ గురకా కుట్టుమిషనూ పోటీ పడుతున్నాయి" అని అమ్మ నవ్వేది. తలనొప్పి సంగతైతే ఎవరూ పట్టించుకోలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పాత ఫొటో ఉందా అని అడిగింది. అమ్మ పర్సులోంచి తీసిచ్చింది. ఆమె దాన్ని పెద్దమ్మ మొహం పక్కన పట్టుకుంది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదీ మా అక్కే... అదీ మా అక్కే" అంది, ఎవరో కాదన్నట్టు.

రక్త పరీక్ష, స్కానింగు అయ్యాక డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. ఆక్రోమెగాలి. కొసలు పెరగడం అని ఆ మాటకు అర్థమట. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుంది, అందులో చిన్న గడ్డ లేచింది. అది క్యాన్సర్ కాదు, కానీ పెరుగుదల హార్మోన్ను అదే పనిగా వదులుతోంది. ఎదిగిన మనిషి ఇక పొడుగవదు కాబట్టి చేతులు, పాదాలు, దవడ, ముక్కు పెరుగుతాయి. వదిలేస్తే గుండె కూడా.

"చాలా నెమ్మదిగా వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు కనిపించదు" అంది. తర్వాత పెద్దమ్మను ఎదురుగా చూడమని, తన వేలిని పక్క నుంచి ముందుకు తెచ్చింది. వేలు దాదాపు ముక్కు ముందుకొచ్చాక గానీ పెద్దమ్మ "ఆ, కనిపించింది" అనలేదు.

ఇన్నాళ్ళూ ద్వారబంధానికి భుజం కొట్టుకున్నప్పుడల్లా ఆమె ద్వారబంధాన్నే తిట్టేది.

"గడ్డ చూపు నరాన్ని నొక్కుతోందమ్మా. ఆలస్యమైతే చూపు పోతుంది."

అప్పటిదాకా రాయిలా కూర్చున్న పెద్దమ్మ ముందుకు వంగింది. "సూదిలో దారం ఎక్కించుకోలేనా?"

"ఎక్కించుకోవాలంటే ఆపరేషన్ చేయించుకోండి. తల కోయరు, ముక్కులోంచి వెళ్తారు."

"ముక్కులోంచి మెదడుకా! సూది బెజ్జంలోంచి మోకు దూర్చినట్టు ఉందే!"

కానీ సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయ్యాక తలనొప్పి పోయింది. పక్క చూపు చాలావరకు తిరిగొచ్చింది. వేళ్ళ ఉబ్బు కొంత తగ్గింది. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంటికి వచ్చిన రోజు పెద్దమ్మ ముందు సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. తర్వాత బల్ల అంచున చెయ్యి పెట్టింది. బొటనవేలు ఇంకా గీత అవతలే ఉంది. నోటికున్న కొలతల్లో ఒక్కటీ ఇక పనికిరాదు.

బేకరీ ఆవిడ రొట్టె పట్టుకుని చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "అయితే జానమ్మా, నేను నిజంగా సన్నబడలేదా?" అంది.

"లేదే తల్లీ. నేనే సాగాను."

పెద్దమ్మ నా వైపు చెయ్యి చాపింది. టేపు ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, బలం కొద్దీ లాగి చూసి, బేకరీ ఆవిడతో "ఇలా రా, నడుము చూపించు" అంది.