మూడో మొన

నోర్బర్ట్ కషుబా చూపు గురించి పాటర్ కౌంటీలో గొప్పగా చెప్పుకునేవాళ్లు. రంపపు మిల్లులో చెర్రీ పలకలు ముందునుంచి కదిలిపోతుంటే ఏది మేలు రకమో, దేంట్లో ముడి దాగుందో రెప్పపాటులో తేల్చి సుద్దముక్కతో గీత గీసేవాడు. వేటలోనూ అంతే. పొదలో కొమ్ము కనబడితే చాలు, పక్కవాడు తుపాకీ ఎత్తేలోపు దుప్పి నేలకూలేది.

ఆ ఏడు వేట నిబంధన మారింది. కొమ్ముంటే చాలదు, ఒక పక్క కొమ్ముకైనా మూడు మొనలు, అంటే మూడు చీలికలు, ఉండాలి. లేతవాటిని వదిలేస్తే అవి బతికి పెద్దవవుతాయని అధికారుల ఆలోచన. ఆ సంగతి చెప్పడానికి ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెడితే నోర్బర్ట్ లేచి నిలబడ్డాడు.

“నేను మొనలు లెక్కబెడుతూ కూర్చుంటే అది ఆగుతుందా సార్? న్యూయార్క్ రాష్ట్రం సరిహద్దు దాటేస్తుంది.”

వెనక వరసలోంచి తమ్ముడు క్లెమ్ గొంతు వినిపించింది. “మావాడికి మూడు దాకా లెక్క రాదండీ. అదీ అసలు బాధ.”

హాలంతా నవ్వింది. నోర్బర్ట్ కూడా నవ్వాడు.

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన సోమవారం వేట మొదలైంది. నాన్న కట్టిన కేబిన్ నుంచి అన్నదమ్ములిద్దరూ తెల్లవారుతుండగా బయల్దేరి వాగు దగ్గర విడిపోయారు. మంచూ వానా కలిసి పడుతోంది. నోర్బర్ట్ ఒక హెమ్లాక్ చెట్టు మొదట్లో చేరగిలబడ్డాడు.

పొద్దు బాగా ఎక్కాక వాలు కింది పొదల్లో గోధుమరంగు వీపు కదిలింది. దాని మీద కొమ్ములు. రైఫిల్ భుజానికి చేరింది. పోయినేడయితే ఈపాటికి పేలి ఉండేది. విసుక్కుంటూనే స్కోపులోంచి లెక్కబెట్టాడు. ఒకటి. రెండు. మూడోది ఆకుల చాటునుందో, అసలు లేదో తెలియడం లేదు.

“తిప్పవే తల,” అని గొణిగాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

తల తిరిగింది. కొమ్ములు తిరగలేదు.

వెనకనున్న ఎండు కొమ్మ ఎక్కడిదక్కడే ఉంది. దాని ముందునుంచి క్లెమ్ మెల్లగా పైకి లేచాడు. చలికి, మనిషని దూరానికి తెలిసేలా వేటగాళ్లు వేసుకునే నారింజ చొక్కా మీద నాన్న పాత గోధుమరంగు కోటు తొడుక్కున్నాడు. టోపీ చేతిలో ఉంది; దాంతో తుడిచిన కళ్లద్దాలు అప్పుడే పెట్టుకున్నట్టున్నాడు.

నోర్బర్ట్ తుపాకీ దించి, అందులోని తూటాలన్నీ మంచులో పారబోశాడు.

క్లెమ్ పైకొచ్చి ఫ్లాస్కు మూత తీశాడు. “నెత్తుటి జాడ పట్టుకుని వచ్చానురా, ఎవడో దుప్పిని గాయపరిచి వదిలేసినట్టున్నాడు. కాఫీ తాగుతావా?”

“వద్దు,” అన్నాడు నోర్బర్ట్.

ఆ రోజునుంచి అతనికి ఇద్దరు తమ్ముళ్లు. ఒకడు ఎదురుగా కూర్చుని కీల్‌బాసా సాసేజి నములుతూ ఏదో ఒకటి వాగుతుంటాడు. రెండోవాడు ఆ వాలు మీద మంచులో పడి ఉంటాడు. క్లెమ్ కూతురి పెళ్లిలో అందరూ పోల్కా డాన్సు ఆడుతుంటే నోర్బర్ట్ బయటికెళ్లి ట్రక్కులో కూర్చున్నాడు. పెళ్లికూతుర్ని చేయి పట్టి నడిపించిన ఆ తండ్రి ఎవరో అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎవరి తల వెనక ఏ కొమ్మ కనబడినా కళ్లు వాటంతటవే లెక్కబెట్టేవి. భార్య లొరెటా ఎంత అడిగినా చెప్పలేదు. రైఫిల్ అమ్మేశాడు. కేబిన్‌కి మాత్రం ఏటా వెళ్లి వంట చేసిపెట్టేవాడు.

చాలా ఏళ్లకి, ఒక మధ్యాహ్నం కేబిన్లో బంగాళదుంపల తొక్క తీస్తూ, తలెత్తకుండానే క్లెమ్‌కి అంతా చెప్పేశాడు.

“నాకు తెలుసురా నోర్బ్. నీ తుపాకీ గొట్టం నాకేసి ఉండటం చూశాను. అందుకే అంత మెల్లగా లేచింది.”

“మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?”

“నువ్వే చెప్తావని చూశా.” క్లెమ్ ఒక దుంప తీసుకుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “ఎన్ని కనబడ్డాయి నీకు?”

“రెండు.”

“ఆ కొమ్మకి ఇంకో రెమ్మ ఉండుంటే?”

నోర్బర్ట్ కత్తి ఆగిపోయింది. క్లెమ్ దుంపని గిన్నెలో వేసి, అన్న భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి, కట్టెలు తేవడానికి వెళ్లాడు.

ఆ తర్వాత కూడా వాళ్లు కేబిన్‌కి వెళ్లడం మానలేదు. పొద్దున్నే క్లెమ్ నారింజ కోటు తొడుక్కుని, “వెళ్లొస్తా,” అని గుమ్మంలో నిలబడతాడు. బయట చెట్ల మోడుకొమ్మలు అతని తల వెనకే ఉంటాయి. నోర్బర్ట్ పొయ్యివైపు తిరిగి “ఊఁ” అంటాడు. తలుపు మూసుకున్న చప్పుడయ్యేదాకా ఇటు తిరగడు.