నాలుగో అంతస్తులో ముద్ర

మా యూనివర్సిటీ లైబ్రరీ పిన్నిది మామూలు మతిమరుపు కాదు. కౌంటర్లో ఇరవై ఏళ్ళుగా పుస్తకాలిస్తున్న మనిషి, గడువు తేదీ వేసే రబ్బరు ముద్రని నేను వెళ్ళేసరికి ఎక్కడో మర్చిపోయి ఉండేది. ఆ ఎక్కడో ఎప్పుడూ నాలుగో అంతస్తే. ఒక్కసారైనా కింద మర్చిపోయిన పాపాన పోలేదు.

"అమ్మాయ్, నా ముద్ర పైన పాత పత్రికల గదిలో, కిటికీ గట్టు మీద ఉండిపోయింది. కాస్త తెచ్చిపెడుదూ!"

"లిఫ్టు లేదు కదా పిన్నీ!"

"మెట్లున్నాయిగా!"

అప్పటి నా వైభవం కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళకి ఎనభై తొమ్మిది కిలోలు. హాస్టల్ కిటికీలోంచి కనిపించే క్లాసుకి స్కూటర్ మీద వెళ్ళేదాన్ని. ఫోన్లో తెప్పించుకున్న తిండి గది గుమ్మందాకా వచ్చేది. గుమ్మందాకా లేవడానికీ బద్ధకమేసి ఆ పని రూమ్మేటుకి అప్పగించాను. రెండు బర్గర్లు పడితేగానీ చూసే సీరియల్ బుర్రకెక్కేది కాదు.

ఆఖరి ఏడాదిలో యూనివర్సిటీ డాక్టరు రక్తపరీక్ష చేసి, చీటీ రాసి చేతిలో పెట్టాడు. "షుగరు అంచు మీద ఉంది. ఆరు నెలల్లో బరువు తగ్గావా సరేసరి. లేదంటే ఈ వయసుకే మాత్రలు మొదలు."

భయం తగ్గడానికి సాయంత్రం పిజ్జా తెప్పించుకున్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. చీటీ ఎక్కడ పెట్టానో, మళ్ళీ కనిపించలేదు.

సరిగ్గా ఆ వారంలోనే పిన్నికి మతిమరుపు పట్టుకుంది. మా కోర్సు పుస్తకాలు ఒక్క రోజుకే ఇస్తారు. కాబట్టి రోజూ వెళ్ళక తప్పదు, రోజూ ఎక్కక తప్పదు. మొదటిరోజు రెండో అంతస్తులో కూలబడి, లేచి, ఎలాగో ముద్ర తెచ్చి ఆవిడ ముందు ఠపీమని పెట్టాను.

"వచ్చావా తల్లీ! అయ్యో, ఇంకు ప్యాడు కూడా అక్కడే ఉండిపోయిందే!"

"పిన్నీ!"

"ఏం చెయ్యను చెప్పు, వయసు!"

వయసట! నేను మొదటి ఏడాది పోగొట్టిన పుస్తకం పేరు, అట్ట రంగు, చిరిగిన పేజీతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మరి మిగతావాళ్ళకి ముద్ర ఎలా పడుతోందో ఆలోచించే తీరిక నాకు లేదు. ఊపిరి తీసుకునే పనిలో ఉండేదాన్ని.

నెల తిరిగేసరికి ఆయాసం మూడో అంతస్తుకి మారింది. నిండు కడుపుతో ఎక్కలేక సాయంత్రం బర్గర్లు మానేశాను. మూడో నెలలో స్కూటర్ తాళం ఎక్కడ పెట్టానో గుర్తురాలేదు. పిన్ని జబ్బు నాకూ అంటుకుందనుకున్నాను.

ఆరు నెలలకి డాక్టరు కొత్త రిపోర్టు రెండుసార్లు చూశాడు. "పదకొండు కిలోలు తగ్గావు. షుగరు మామూలుగా ఉంది. ఏం చేశావమ్మా?"

"ఒక మతిమరుపు మనిషితో వేగానండీ."

చదువైపోయి వెళ్ళేరోజు, పుస్తకాలన్నీ అప్పగించినట్టు కాయితం మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్ళాను. అలవాటుకొద్దీ మెట్లవైపు తిరిగాను.

"ఎక్కడికే? ఆగు," అంటూ పిన్ని సొరుగు లాగి ముద్ర తీసింది.

"ఇదెక్కడిది?"

"ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. పైనుండేది రెండోది."

కాయితం మీద ముద్ర కొట్టి, సొరుగులోంచి మడతపెట్టిన చీటీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. డాక్టరు రాసిన చీటీ!

"నువ్వు తిరిగిచ్చిన పుస్తకంలో దొరికింది. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. తిండి తగ్గించవే అంటే నువ్వు వినే రకమా? మర్చిపోయింది నువ్వు, మతిమరుపు పేరు నాకు!"

మధ్యలో కౌంటరు లేకపోతే అమాంతం వాటేసుకునేదాన్ని. అంతలో ఇంకో సంగతి వెలిగింది.

"మరి రోజూ ఆ రెండోదాన్ని పైన పెట్టొచ్చింది ఎవరు పిన్నీ?"

"ఇంకెవరు, నేనే. పొద్దున్నే, మోకాళ్ళు పట్టుకుని! నీ పుణ్యమా అని నేనూ ఆరు కిలోలు తగ్గాను."

ఇంతలో చేతిలో బర్గర్ పొట్లం, చంకలో కూల్‌డ్రింకు సీసాతో ఒక కొత్తమ్మాయి రొప్పుతూ వచ్చి నిలబడింది. పిన్ని ముద్రని చటుక్కున సొరుగులోకి తోసి నుదురు కొట్టుకుంది.

"అయ్యో అమ్మాయ్, నా ముద్ర..."

నేను పక్కకి జరిగి, ఆ పిల్లకి మెట్లదారి చూపించాను.