ఎముకల స్నానం

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది మా పడవ గ్రీసు ద్వీపాల మధ్య సైన్యానికి బియ్యం చేరవేసేది. ఒక ద్వీపంలో నేనూ, పత్తికొండ మస్తానప్పా తాగునీళ్ల కోసం ఊళ్లోకి నడిచాం. మిట్టమధ్యాహ్నం, వీధుల్లో కుక్క కూడా లేదు. ఊరి చివర సమాధుల మధ్య నల్లబట్టల ముసలామె ఒకతె ఎర్రటి నీళ్లలో ఏవో కడుగుతోంది.

"ఆయమ్మ ఏందో గడ్డలు కడుగుతాండాది. నీళ్లడుగుదాం పా," అన్నాడు మస్తానప్ప.

దగ్గరికెళితే ద్రాక్షసారా వాసన. అవి మనిషి ఎముకలు. పాతిన కొన్నేళ్లకు తవ్వి, అలా కడిగి పెట్టెలో దాచడం అక్కడి ఆచారమని తర్వాత తెలిసింది.

ఆమె ఒడిలో బిడ్డను ఊపినట్టు చేతులు ఊపి చూపించింది. కొడుకన్నమాట. పుర్రెను ముద్దుపెట్టుకుని మస్తానప్ప చేతుల్లో పెట్టింది.

పారిపోతాడనుకున్నాను. ఇంటిదగ్గర పుట్టిన తన కొడుకును ఇంకా కళ్లచూడనివాడు, పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"శానా తేలిగ్గా ఉండాడప్పా," అన్నాడు.